సేవకు వెళ్ళినవాడికి జ్వరం వస్తే

(శృంగవరపుకోటలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మాస్టారూ, పరదేశంలో ఖిద్మత్ అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. మేము ఉర్దూ పాఠాలు చెప్పుకునే పంతుళ్ళం. పీరియడు గంటకు అలవాటుపడినవాళ్ళం గనుక గంట కొట్టేలోగా ముగిస్తామని హామీ ఇచ్చి ఒప్పుకున్నాము. ఖిద్మత్ గొప్పతనం గురించి మన మౌలానాగారు ప్రతి జుమాకూ చెబుతూనే ఉన్నారు. అదే విషయాన్ని మేము మళ్ళీ చెబితే మీకు ఆవులింతలు రావడం తప్ప ప్రయోజనం లేదు. అందుచేత ఎవరూ అంతగా మాట్లాడని ఒక సంగతిని ఎత్తుకుంటున్నాము. నలుగురికి సేవ చేద్దామని దేశం కాని దేశం వెళ్ళినవాడికే జబ్బు చేస్తే ఏమిటి గతి? అప్పుడు వాడేం చెయ్యాలి, ఇక్కడున్న మనం ఏం చెయ్యాలి?

"ఇదేం విషయం మాస్టారూ, మన కోట నుంచి పరదేశం వెళ్ళి సేవ చేసేవాళ్ళెంతమంది?" అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే, మనది చిన్న ఊరు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని కుటుంబాలు మనవి. అయినా హజ్ ఋతువు వచ్చిందంటే ఈ చుట్టుపక్కల నుంచి ఎవరో ఒకరు బయలుదేరుతూనే ఉంటారు. వాళ్ళ వెంట సాయానికి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. కొడుకు తల్లికి తోడుగా వెళతాడు. మేనల్లుడు మామూజాన్ చెయ్యి పట్టుకుని వెళతాడు. ఇక ప్రభుత్వం తరఫున వెళ్ళేవాళ్ళు వేరు. వాళ్ళనే నిన్నమొన్నటి దాకా ఖాదిముల్ హుజ్జాజ్ అనేవాళ్ళము. ఇప్పుడు స్టేట్ హజ్ ఇన్‌స్పెక్టర్ అంటున్నారు. ప్రభుత్వోద్యోగం చేస్తున్న ముస్లిములు దీనికి దరఖాస్తు పెట్టుకుంటారు. ఎంపికైతే యాత్రికులతోబాటు వెళ్ళి వాళ్ళ మంచిచెడ్డలు చూడాలి. 2025 హజ్‌లో 150 మంది యాత్రికులకు ఒకరు చొప్పున ఈ సేవకులను పంపారు. 150 మంది అంటే మన కోటలో ఒక వీధి. ఆ వీధిలో ఎక్కువమంది ముసలివాళ్ళు. చాలామంది విమానం ఎక్కడం అదే మొదటిసారి. కొందరికి తెలుగు తప్ప మరో భాష రాదు. అలాంటి వీధిని చేత్తో పట్టుకుని జిద్దా నుంచి మక్కాకు, మక్కా నుంచి మినాకు, అరఫాత్‌కు, మదీనాకు నడిపించి, తిరిగి ఇంటికి చేర్చాలి. గది తాళం పోయిందన్నా ఖాదిమే, బస్సు తప్పిందన్నా ఖాదిమే, మందుబిళ్ళ అయిపోయిందన్నా ఖాదిమే.

మరి ఖాదిమ్‌కే జ్వరం వస్తే? ఆ సంగతి చెప్పే పుస్తకం ఎక్కడా కనబడదు.

మేము 2019 హజ్‌కు ఆ బాధ్యత మీద వెళ్ళాము. ఆ ఏడు అరఫాత్ దినం ఆగస్టు 10న వచ్చింది. మేమున్న భవనానికి పక్క భవనంలో పొరుగు జిల్లాకు చెందిన ఒక ఉద్యోగి ఖాదిమ్‌గా ఉండేవారు. పేరు చెప్పడం మర్యాద కాదు. చాలా మంచివాడు. ఎవరేం అడిగినా లేదనేవాడు కాదు. హజ్‌కు వారం రోజుల ముందు ఆయనకు దగ్గు మొదలైంది, వెనకనే జ్వరం. ఎవరికీ చెప్పలేదు. పూటకో పారాసిటమాల్ బిళ్ళ వేసుకుని, జ్వరం దిగిన గంటల్లో గదిగదికీ తిరిగి అందరినీ పలకరించేవాడు. మన విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒకరోజు, "ఏటి బాబూ, అలా వణికిపోతన్నావు? ఒంట్లో బాగులేదా?" అని అడిగాడట. "ఏసీ గాలి పడలేదు చాచా" అని ఈయన నవ్వేశాడట.

మినాకు బయలుదేరే రోజు వచ్చింది. బస్సు దిగి గుడారాల వైపు నడుస్తూ ఉండగా ఆయన దారి మధ్యలో కూలబడిపోయాడు. చుట్టూ జనం. ఆయన చేతిలోని జెండాను చూసుకుంటూ నడుస్తున్న ముసలివాళ్ళకు జెండా కనబడకుండా పోయింది. గుంపులో ఒక జంట తప్పిపోయింది. వాళ్ళను వెదకి పట్టుకునేసరికి సాయంత్రమైంది. ఆ ఇద్దరూ అప్పటిదాకా ఒక వంతెన కింద నీడలో చేతులు పట్టుకుని కూర్చున్నారు, మంచినీళ్ళు కూడా అడగడం చేతగాక. ఆసుపత్రిలో ఆయనకు న్యుమోనియా అని తేల్చారు. అల్లా దయవల్ల బతికి బయటపడ్డాడు. ఆసుపత్రిలో ఉన్న యాత్రికులను అంబులెన్సుల్లో అరఫాత్‌కు తీసుకువెళ్ళే ఏర్పాటు అక్కడ ఉంది గనుక ఆయన హజ్ కూడా పోలేదు. అయితే ఆయన ఉన్న అంతస్తులోనే మరో ముగ్గురు పెద్దవాళ్ళు అదే దగ్గు, అదే జ్వరంతో మంచం పట్టారు. అది ఎవరి నుంచి ఎవరికి అంటిందో మేము నిర్ణయించలేము. కాని ఆ మంచివాడు తరువాత మాతో అన్న మాట మాత్రం మాకు బాగా జ్ఞాపకం: "మొదటిరోజే చెప్పి ఉంటే నాకు నాలుగు రోజుల విశ్రాంతితో పోయేది. వాళ్ళకు ఇంకో మనిషి దొరికేవాడు."

సోదరులారా, మేము ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. సేవకుడు తన జబ్బును దాచుకుంటే అది త్యాగం కాదు. తనను నమ్ముకున్నవాళ్ళకు అది అపకారం అవుతుంది.

మంచివాడు జబ్బునెందుకు దాస్తాడు? మేము ఆలోచించగా మూడు కారణాలు కనబడ్డాయి. ఒకటి సిగ్గు. "పదిమందిని చూసుకోవడానికి వచ్చి నేనే మంచమెక్కానా?" అనే నామోషీ. రెండవది భయం. ఊళ్ళో అందరూ దండలు వేసి పంపించారు, మధ్యలో తిరిగి పంపేస్తే ఏ ముఖంతో వెళ్ళాలి అనే భయం. మూడవది అన్నిటికంటె గట్టిది. కష్టపడితేనే పుణ్యం, ఎంత బాధపడితే అంత సవాబ్ అనే నమ్మకం.

ఈ మూడవదాన్ని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన దీనే రోగికి ఎన్ని వెసులుబాట్లు ఇచ్చిందో చూడండి. రమజానులో రోగికీ ప్రయాణికుడికీ ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతి ఉంది. నీళ్ళు తగిలితే జబ్బు ముదురుతుందనుకుంటే తయమ్ముమ్ ఉంది. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజు చేసుకోవచ్చు. శరీరానికి కూడా మన మీద హక్కు ఉందని ప్రవక్త (స.అ.స.) వారు బోధించిన సంగతి మన మదరసా పిల్లలకు కూడా తెలుసు. ఫర్జ్ విషయంలోనే రోగికి ఇంత దయ చూపినప్పుడు, జ్వరంతో బస్తాలు మొయ్యమని ఎవరైనా ఎలా ఆదేశిస్తారు?

"అల్లా మీద భారం వేసి వెళ్ళిపోవడమే తవక్కుల్ కాదా?" అని అడిగేవారుంటారు. హిజ్రీ 18వ సంవత్సరం, అంటే క్రీ.శ. 639 ప్రాంతం. సిరియాలో ప్లేగు చెలరేగింది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర.) ఆ వైపు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరేసరికి ఈ వార్త తెలిసింది. పెద్దలను సంప్రదించి, తన వెంట ఉన్నవాళ్ళతో వెనక్కు మరలిపోయారు. అంటువ్యాధి ఉన్న చోటికి పోవద్దు, మీరున్న చోటే వస్తే అక్కడి నుంచి పారిపోవద్దు అన్న ప్రవక్త బోధను హజ్రత్ అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ (ర.) అప్పుడు గుర్తుచేశారు. ఆ ప్లేగులోనే సేనాని హజ్రత్ అబూ ఉబైదా (ర.) సిరియాలో మరణించారు. ఒకరు వెనక్కు మరలారు, ఒకరు ఉన్నచోటే ఉండిపోయారు. ఇద్దరిలో ఎవరి ఈమానును మనం శంకించగలం? జాగ్రత్త పడడం పిరికితనం కాదని మన చరిత్రే చెబుతున్నది.

ఇప్పుడు మన దేశ చరిత్రకు వద్దాం. 1912లో బాల్కన్ యుద్ధం జరిగే రోజుల్లో డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వాన ఒక వైద్య బృందం బొంబాయి నుంచి తుర్కీకి ఓడలో వెళ్ళింది. దానికి చందాలు పోగుచేయడానికి మౌలానా మహమ్మద్ అలీ తన పత్రిక ద్వారా ఎంతో పాటుపడ్డారు. వెళ్ళినవాళ్ళలో డాక్టర్లతోబాటు చదువుకునే కుర్రవాళ్ళూ ఉన్నారు. అప్పటికే తుర్కీ సేనల్లో కలరా వ్యాపించి ఉంది. తుపాకి గుండు వచ్చే దిక్కు తెలుస్తుంది, కలరా వచ్చే దిక్కు తెలియదు. అయినా వాళ్ళు ఒంటరిగా వెళ్ళలేదు. డాక్టర్లు, కాంపౌండర్లు, మందులు, గుడారాలు అన్నీ కూర్చుకుని ఒక జట్టుగా వెళ్ళారు. 1913లో తిరిగి వచ్చారు. సేవకు జట్టు ఎంత అవసరమో అప్పటివాళ్ళకే తెలుసు.

చైనా మీద జపాను దండెత్తిన తరువాత 1938లో మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్లు అక్కడికి వెళ్ళారు. వాళ్ళలో ద్వారకానాథ్ కోట్నీస్ ఒకరు. ఆయనది షోలాపూర్. మన తెలుగు పద్మశాలీలు వేలాదిగా మగ్గాలు వేసుకుని స్థిరపడిన ఊరు అది. యువకుడు, డాక్టరు చదువు పూర్తిచేసి పై చదువుకు సిద్ధమవుతున్నవాడు. అక్కడి రణరంగంలో రాత్రింబగళ్ళు శస్త్రచికిత్సలు చేశాడు. ఒకసారి 72 గంటలు నిద్ర లేకుండా చేశాడని చెబుతారు. చివరకు మూర్ఛలు రావడం మొదలై, 1942 డిసెంబరు 9న అక్కడే ప్రాణం విడిచాడు. వయస్సు 32 ఏళ్ళు. మూడు నాలుగు నెలల పసిబిడ్డ తండ్రి. మన ఉర్దూ రచయిత ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఆయన కథను పుస్తకంగా రాశారు. దాని ఆధారంగా 1946లో శాంతారాం సినిమా తీశారు. కోట్నీస్ పనిచేసిన ఆసుపత్రికి ఎవరి పేరు పెట్టారో ఆ కెనడా డాక్టరు నార్మన్ బెత్యూన్ కూడా అలాగే పోయాడు. శస్త్రచికిత్స చేస్తూండగా ఆయన వేలు తెగింది. ఆ చిన్న గాయం చీము పట్టి, రక్తం విషమై, 1939 నవంబరు 12న మరణించాడు.

ఈ ఇద్దరి పేర్లు చెబితే చైనాలో ఇప్పటికీ తల వంచుతారు. మనమూ వంచుతాము. అయితే మాకొక ప్రశ్న మిగిలిపోతుంది. కోట్నీస్ మరో 30 ఏళ్ళు బతికి ఉంటే ఇంకెన్ని వేలమంది బతికేవాళ్ళు? యుద్ధంలో వాళ్ళకు మరో దారి లేకపోయి ఉండవచ్చు. మన హజ్ సేవకుడికి దారి ఉంది. దారి ఉండగా దాన్ని విడిచిపెట్టడం గొప్ప కాదు.

దీనికి ఎదురుగా ఇంకొక మనిషిని చూపిస్తాము. ఆయన ఇటలీ దేశపు డాక్టరు కార్లో ఉర్బానీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వియత్నాంలోని హనోయ్‌లో పనిచేసేవాడు. 2003 ఫిబ్రవరి చివర్లో అక్కడి ఆసుపత్రిలో ఒక రోగికి అంతుపట్టని జబ్బు వచ్చిందని పిలిస్తే వెళ్ళి చూశాడు. ఇది కొత్త జబ్బు అని గుర్తించి ప్రపంచాన్ని హెచ్చరించాడు. తరువాత సార్స్ అని పేరు పెట్టింది దానికే. మార్చి 11న ఆయన విమానంలో బాంకాక్ వెళుతూ ఉండగా జ్వరం వచ్చింది. ఆ జ్వరమేమిటో ఆయనకు అర్థమైంది. విమానాశ్రయంలో తన కోసం వచ్చిన సహోద్యోగిని దగ్గరకు రావద్దన్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరూ దూరదూరంగా కూర్చుని ఎదురుచూశారు. మార్చి 29న ఆయన చనిపోయాడు. వయస్సు 46. సుమారుగా మా ఈడువాడే. ఆ జబ్బు ప్రపంచంలో 8,000 మందికి పైగా సోకి 774 మందిని పొట్టన పెట్టుకుంది. అయినా అదే ఏడు జూలై నాటికి అదుపులోకి వచ్చింది. ఆ హెచ్చరిక ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. "నాకు జ్వరంగా ఉంది, దూరంగా ఉండు" అన్న చిన్న మాటలో ఎంత ఖిద్మత్ ఉందో చూశారా?

ఇప్పుడు మన ఊరి నుంచి వెళ్ళేవాళ్ళకు పనికొచ్చే సంగతులు నాలుగు చెబుతాము. మేము డాక్టర్లం కాదు. డాక్టర్లు చెప్పగా విన్నవీ, కళ్ళారా చూసినవీ చెబుతున్నాము.

మొదటిది ఎండ. చోడంబలి తాగి మిట్టమధ్యాహ్నం పొలంలో నిలబడే మనవాళ్ళు "మాకు ఎండ కొత్తా?" అంటారు. కొత్తే! మన కోటలో చెమట పడితే చొక్కా తడిసి ముద్దవుతుంది. మక్కాలో గాలి పొడిగాలి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్నట్టు తెలియనే తెలియదు. 2024 జూన్‌లో హజ్ జరిగినప్పుడు మస్జిదుల్ హరామ్ దగ్గర 51.8 డిగ్రీల ఎండ కాసింది. ఆ ఏడు 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అందులో నూటికి 83 మంది అనుమతి పత్రాలు లేకుండా వచ్చి, నీడా వసతీ లేకుండా ఎండలో నడిచినవాళ్ళు. మన దేశస్థులు 98 మంది వివిధ కారణాలవల్ల చనిపోయినట్లు మన విదేశాంగ శాఖ ఆ జూన్‌లో చెప్పింది. హజ్ ప్రతి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక రాబోయే ఏళ్ళలో ఎండ కొంత తగ్గవచ్చు. అయినా మక్కా మక్కాయే.

వడదెబ్బ తగిలినవాడు తికమకగా మాట్లాడతాడు, తూలుతాడు, ఒళ్ళు నిప్పులా కాలుతుంది. అది మామూలు జ్వరం కాదు. పారాసిటమాల్ బిళ్ళతో దిగదు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, గట్టిగా విసరాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. ఒళ్ళు చల్లబరుస్తూనే ఆసుపత్రికి కబురు పెట్టాలి. ఈ తడిపి విసరడమనే పద్ధతి మీదనే మక్కా పేరుతో ఒక చల్లబరిచే మంచాన్ని డాక్టర్లు తయారుచేశారు. మన అమ్మమ్మల తడిగుడ్డ, తాటాకు విసనకర్ర అందులోనూ ఉన్నాయన్నమాట.

రెండవది దగ్గు, జ్వరాలు. లక్షలాది మంది ఒకే చోట చేరితే దగ్గు అంటకుండా ఉండదు. చాలావరకు మామూలుగానే తగ్గిపోతుంది. కాని మెదడు పొరల వాపు సంగతి వేరు. మెనింజైటిస్ అనే ఆ జబ్బు 1987లోనూ, 2000లోనూ హజ్ యాత్రికుల్లో ప్రబలి, వాళ్ళతోబాటు వాళ్ళ దేశాలకు కూడా పోయింది. అందుకే ఆ టీకా లేనిదే ఇప్పుడు వీసా దొరకదు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. చీటీ మీద ముద్ర కోసం కాదు, ఒంట్లో శక్తి పుట్టడానికి ఆ పది రోజులు కావాలి. తీవ్రమైన జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం కనబడితే ఒక్క గంట కూడా ఆగకూడదు. దగ్గుతున్న సేవకుడు మూతికి మాస్కు కట్టుకుని, ముసలివాళ్ళ గదులకు దూరంగా ఉండడమే వాళ్ళకు చేసే పెద్ద సేవ.

మూడవది కడుపు. నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే మనిషిని చంపేది ఒంట్లో నీరూ ఉప్పూ పోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని కాపాడారు. అదే మన ఓ.ఆర్.ఎస్. పొట్లం. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు గోపురం పెట్టకుండా సమంగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. ఈ లెక్క ఇక్కడున్న పిల్లలందరూ కంఠతా పట్టండి, ఎక్కాలకంటె ముందు.

నాలుగవది అచ్చంగా మన ఊరి సంగతి. మన కోట అనంతగిరి కొండల పాదాల దగ్గర ఉంది. పని మీద ఏజెన్సీకి వెళ్ళి వచ్చేవాళ్ళకు చలిజ్వరం కొత్త కాదు. దోమ కుట్టిన వెంటనే మలేరియా బయటపడదు. వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఒంట్లో దాగి ఉంటుంది. కొండ మీద కుట్టిన దోమ జ్వరం మక్కాలో బయటపడవచ్చు. అక్కడి డాక్టరుకు మన అనంతగిరి తెలియదు, అరకు తెలియదు. వేరే జ్వరమనుకుని వేరే మందు ఇస్తే ప్రమాదం. కాబట్టి అక్కడ జ్వరం వస్తే, "మాది మలేరియా ఉండే ప్రాంతం, రక్తపరీక్ష చేయండి" అని నోరు తెరిచి చెప్పాలి. ఈ ఒక్క వాక్యం అరబ్బీలో, ఇంగ్లీషులో రాసి జేబులో పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంకొక చిన్నమాట. షుగరుకు, బీపీకి వాడే మందులు ప్రయాణం రోజులకు సరిపడా, డాక్టరు చీటీతోబాటు చేతిసంచిలో పెట్టుకోండి. కొన్ని నొప్పి మందులు అక్కడ మత్తుమందుల కింద లెక్క. చీటీ లేకపోతే చిక్కు. మన వంటింటి గసగసాలు కూడా అక్కడ నిషిద్ధం. అమ్మీజాన్ ప్రేమగా కట్టిన మసాలా పొట్లంలో గసగసాలుంటే విమానాశ్రయంలోనే తంటా.

ఇక మన సంఘం చెయ్యవలసిన పని. మేము నాలుగు ప్రతిపాదనలు మీ ముందుంచుతున్నాము.

ఒకటి: మన ప్రాంతం నుంచి సాయానికి వెళ్ళే ప్రతి మనిషికీ ఒక జోడీని నియమించాలి. ఇతనికి అతను, అతనికి ఇతను. పొద్దున్నే ఒకరినొకరు "ఒళ్ళెలా ఉంది?" అని అడిగి తీరాలి. జబ్బు చేసినవాడి జెండా ఆ క్షణమే రెండోవాడి చేతికి మారాలి. మినాలో ఆ ముసలి జంట వంతెన కింద కూర్చోవలసి వచ్చింది జ్వరంవల్ల కాదు, జెండా అందుకునే రెండో చెయ్యి లేకపోవడంవల్ల.

రెండు: వెళ్ళే ముందు ప్రతివారికీ ఒక ఆరోగ్యపు చీటీ రాసి ఇవ్వాలి. వాడే మందులు, పడని మందులు, రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు అందులో ఉండాలి. రాయడానికి మా పెద్ద తరగతి పిల్లలను మేము పంపుతాము. వాళ్ళకు చేతిరాత కూడా కుదురుతుంది.

మూడు: సంఘం నిధిలో కొంత మొత్తం విడిగా ఉంచాలి. అక్కడ జబ్బుపడినవాడి ఇంటికి ఇక్కడ బియ్యం, పాలు ఆగకూడదు. కూలిపని మానుకుని తల్లిని తీసుకువెళ్ళిన కొడుకు, ఇంటి ఖర్చు తలుచుకుని జ్వరాన్ని దాచకూడదు.

నాలుగు: ఇది పైసా ఖర్చు లేనిది, అన్నిటికంటె కష్టమైనది. జబ్బుపడి తిరిగి వచ్చినవాణ్ణి ఎగతాళి చెయ్యకూడదు. "ఖిద్మత్ చేస్తానని పోయి చేయించుకుని వచ్చాడు" అనే మాట మన నోటి నుంచి రాకూడదు. మనవాడు మక్కాలో జ్వరాన్ని దాచేది అక్కడి డాక్టరుకు భయపడి కాదు. ఇక్కడి అరుగు మీది మాటకు భయపడి.

పరదా అవతలి తల్లులకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ భర్తగాని, కొడుకుగాని ఫోను చేసినప్పుడు, "అందరూ బాగున్నారా, జమ్‌జమ్ నీళ్ళు తెస్తున్నావా, ఖర్జూరాలు తెస్తున్నావా" అని అడగడానికి ముందు, "నీ ఒళ్ళెలా ఉంది? నిజం చెప్పు" అని అడగండి. మగవాడు సంఘం పెద్దల దగ్గర దాచగలడు, డాక్టరు దగ్గర దాచగలడు. అమ్మ అడిగితే గొంతులోనే దొరికిపోతాడు.

యువకులారా, మీలో చాలామంది రేపు గల్ఫుకు వెళతారు, హజ్ సేవకు వెళతారు, ఎక్కడో భూకంపం వస్తేనో వరద వస్తేనో సాయానికి వెళతారు. వెళ్ళండి. భయపెట్టడానికి ఇంతసేపు మాట్లాడలేదు. దీపం ఇంటికి వెలుగు ఇవ్వాలంటే దానిలో నూనె ఉందో లేదో చూసుకోవడం స్వార్థం అనిపించుకోదు. మీ ఆరోగ్యం మీ సొంత ఆస్తి కాదు. మిమ్మల్ని నమ్ముకుని వెంట నడిచే 150 మంది అమానత్ అది. అమానత్‌ను కాపాడుకోవడం మన మీద ఉన్న బాధ్యత. ఒళ్ళు బాగులేనినాడు "బాగులేదు" అని చెప్పగలిగే ధైర్యాన్ని అల్లా మనందరికీ ప్రసాదించుగాక. ఆ మాటను ఎగతాళి చెయ్యకుండా వినగలిగే మనసును ఈ ఊరివాళ్ళమైన మనకు ఇచ్చుగాక. ఆమీన్.

మేము ఉంచిన నాలుగు ప్రతిపాదనలను ఈ సమావేశంలోనే చర్చించి, మంచిచెడ్డలు తేల్చి, మినిట్స్ పుస్తకంలో రాయించవలసిందిగా అధ్యక్షులవారికి మనవి. ఖుదా హాఫిజ్.